ఆడి తప్పిన ఫలము

పిడుగురాళ్ళ పల్నాటి సీమలోని ఒక పట్టణము. గుంటూరునుండి మాచెర్లకు పోవు రైలుమార్గమున ఇది యున్నది. ఈ పట్టణము చుట్టును సున్నపురాయి విస్తారముగా దొరకును. ఆ రాతిని బట్టీలలో పేర్చి, కాల్చి, సున్నము చేయుట ఇచ్చటి ముఖ్యమైన వృత్తులలో ఒకటి. పరిసర గ్రామముల పొలములలో ప్రత్తియు మిరపయు పండును. బట్టీనుండి తీసిన సున్నపుగడ్డపై నీరు చల్లినచో అది వేడెక్కి, విచ్చి, పొడియగును. దానిని ఇసుకతో కలిపి గానుగలో నూరినచో గచ్చు తయారగును. సిమెంటు రాక పూర్వము మన కోటగోడలను, మేడలను, వంతెనలను పట్టి నిలిపినది ఈ గచ్చే. రాళ్ళెంత గట్టివైనను, వానిని ఒకదానితో ఒకటి కలిపి ఉంచునది లేనిచో గోడ నిలువదు.

మనుష్య సంఘమునకును ఇట్టి గచ్చు ఒకటి కలదు. దాని పేరు విశ్వాసము. రైతు తన మిరపకాయల టిక్కీలను బండిమీద వేసికొని బజారునకు తెచ్చును. కాటా సరిగా తూచునని అతని నమ్మకము. ప్రయాణికుడు చీటి కొని బస్సు ఎక్కును. ఆ బస్సు చీటిలో వ్రాసిన ఊరికే పోవునని అతని నమ్మకము. పౌరుడు ఓటు వేయును. పెట్టెలో పడిన ఓటును ఉన్నదున్నట్లు లెక్కింతురని అతని నమ్మకము. వీరిలో ఎవ్వరును ఎదుటివానిని ఎరుగరు. ఎరుగకయే నమ్ముచున్నారు. ఇట్లు ఎరుగనివారు ఒకరినొకరు నమ్మి కలసి నడపుకొను బ్రదుకునకే ప్రజాజీవితమని పేరు. కావున ఇంటిలో జరిగిన మోసము ఒక కుటుంబమును బాధించును. ప్రజాజీవితమున జరిగిన మోసము ఆ నమ్మకముపై ఆధారపడిన వారినందరిని బాధించును.

మోసము పలు రూపులు గలది. ఉన్నదానిని లేదనుట, లేనిదానిని ఉన్నదనుట అబద్ధము. ఇది అందరికిని తెలిసినదే. అంతకంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. నెరవేర్చు తలంపు లేకయే ఒడంబడిక చేసికొనుట, నియమమును పాటించినట్లు కనబడుచు దాని ఉద్దేశమును చెరచుట, ఎదుటివాని మంచితనమునే అతనిపై ఆయుధముగా వాడుట – ఇవి దుర్బుద్ధితో కూడిన వ్యవహారములు. ఒక ఊరి సభకు ముందుగా ప్రకటన అంటింపవలెనని నియమమున్నదనుకొందము. ప్రకటనను ఎవరును పోని సందులో, రాత్రివేళ అంటించి, తెల్లవారిన వెంటనే సభ ముగించినచో నియమము తప్పినట్లు కాగితముమీద కానరాదు. అయినను ఊరివారు మోసపోయిరి. అచ్చట ఒక్క అబద్ధపు మాటయైనను పలుకబడలేదు. అందుచేతనే ఇట్టి మోసమును పట్టుకొనుట కష్టము.

ఇట్టి వంచన ఒక సీమను ఏమి చేయగలదో తెలిసికొనుటకు పిడుగురాళ్ళవారు దూరము పోనక్కరలేదు. వారికి పడమట దిక్కున గురజాల, మాచెర్ల, కారెంపూడి అను ఊళ్ళు కలవు. 12వ శతాబ్దము చివర, సుమారు 1182వ సంవత్సరమున, కారెంపూడి చెంత నాగులేటి ఒడ్డున ఒక మహాయుద్ధము జరిగినది. అదియే పల్నాటి యుద్ధము. శ్రీనాథుడు రచించెనని ప్రసిద్ధిగన్న పల్నాటి వీరచరిత్రమును, వీరవిద్యావంతులను గాయకులు తరతరములుగా పాడుచు వచ్చిన కథయు ఆ యుద్ధమునకు కారణములను ఇట్లు తెలుపుచున్నవి.

పల్నాటిని పాలించిన అనుగురాజునకు మువ్వురు రాణులు. పెద్దరాణి కుమారుడు నలగామరాజు గురజాల రాజధానిగా రాజ్యమేలెను. సవతి తమ్ముడైన మలిదేవరాజునకు మాచెర్ల భాగము వచ్చెను. మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడు మంత్రిగా నుండెను. అతడు కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడనియు, మాల కన్నమదాసును కుమారునిగా చేకొని సేనాపతిని చేసినవాడనియు ప్రసిద్ధుడు. నలగామరాజునకు నాగమ్మ మంత్రిణియయ్యెను. ఆమెను నాయకురాలని పిలిచెడివారు. ఆమె మిక్కిలి బుద్ధిశాలిని.

రెండు రాజ్యముల నడుమ స్పర్ధ పెరిగి, తుదకు కోడిపందెముగా పరిణమించినది. ఓడిన పక్షమువారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెను. గడువు తీరిన పిదప తిరిగివచ్చి తమ రాజ్యము తాము పొందవలెను. ఇది ఒడంబడిక. పందెమున మలిదేవుని పక్షము ఓడినది. నాగమ్మ వంచన చేసి గెలిచెనని కథ చెప్పుచున్నది. ఓడినవారు ఆ ఓటమిని అంగీకరించి, మాటకు కట్టుబడి, ఆలమందలతోను పరివారముతోను సీమ విడిచి వెడలిపోయిరి.

ఏడేండ్లు గడచినవి. తమ భాగము తమకిమ్మని అడుగుటకు మలిదేవుని పక్షమువారు అలరాజును రాయబారిగా పంపిరి. అలరాజు పరాయివాడు కాడు. నలగామరాజు కుమార్తెయైన పేరిందేవికి భర్త. అల్లుడు మామగారి కొలువునకు పోవుటలో భయమేమి యుండును? అయినను రాజ్యభాగము దక్కలేదు సరికదా, రాయబారికి ప్రాణమును దక్కలేదు. తిరుగుదారిలో చర్లగుడిపాడున అతనికి విషము పెట్టించిరి. పేరిందేవి భర్తతోపాటు చితి నెక్కెను. అటుపిమ్మట ఇరుపక్షములును కారెంపూడి రంగమునకు నడచినవి. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు చిన్నవయసుననే ఆ రణమున కూలెను. ఇరువైపులవారిలో పేరుగల వీరులు పెక్కుమంది నశించిరి. గెలుపు ఎవరిదైనను పల్నాటికి ఓటమియే కలిగినది. ఆ యుద్ధముతో ఆంధ్రతీరపు రాజకుటుంబములు బలహీనములై, కాకతీయుల విస్తరణకు త్రోవ సులభమైనదని చరిత్రకారులు చెప్పుదురు.

ఈ కథను కొంచెము నిలిచి పరిశీలింపవలెను. ఇందు మూడు మోసములు కలవు. మొదటిది ఆటలో మోసము. రెండవది గడువు తీరినను మాట నిలుపుకొనకపోవుట. మూడవది రాయబారిని చంపించుట. ఇవి మూడును సమానములు కావు. ఆటలో మోసము జరిగినను యుద్ధము రాలేదు. ఏలయన, ఏడేండ్ల తరువాత న్యాయము కలుగునను ఆశ మిగిలియుండెను. మాట తప్పినప్పుడు ఆ ఆశ పోయినది. అయినను మాటలాడుకొను త్రోవ ఇంకను మిగిలియుండెను. రాయబారిని చంపుటతో ఆ త్రోవయు మూసికొనిపోయినది. ఇక కత్తి తప్ప వేరు సాధనము లేదు. వంచకుడు ఒక్కొక్క మెట్టున ఏదో ఒకటి గెలిచినట్లు కనబడెను. నిజమునకు ఒక్కొక్క మెట్టున శాంతికి గల ఉపాయము ఒక్కొక్కటి నాశనమైనది.

భారతకథయు ఈ మాటనే చెప్పుచున్నది. జూదమున ఓడిన పాండవులు గడువు ముగించుకొని వచ్చి తమ భాగము అడిగిరి. ఐదూళ్ళైనను చాలునన్నను దుర్యోధనుడు ఈయలేదు. రాయబారిగా వచ్చిన శ్రీకృష్ణుని బంధింప యత్నించెను. అటుతరువాత కురుక్షేత్రము తప్పలేదు. ధర్మరాజు సైతము ద్రోణుని పడగొట్టుటకు అశ్వత్థామ విషయమున సగము సత్యము పలికినప్పుడు, అంతవరకు నేలను తాకక నడచిన అతని రథము నేలకు దిగినదని కవులు చెప్పిరి. మంచి పక్షమున నిలిచి చేసిన మోసమును మోసమే యని మన పూర్వులు దాచలేదు.

అట్లే పల్నాటి కథను వినువారును ఒక జాగ్రత్త వహింపవలెను. ఈ కథను నిలిపినవారు బ్రహ్మనాయుని పక్షపు వీరులను కొలుచువారు. నాగమ్మ పక్షము వాదన మనకు ఆమె నోట వినబడదు. 12వ శతాబ్దమున ఒక సామాన్య గ్రామమునుండి వచ్చిన స్త్రీ మంత్రిపదవి నధిష్ఠించి రాజ్యము నడపుట అల్పవిషయము కాదు. కావున తప్పంతయు ఒక్క ఆమెపై మోపి, తక్కినవారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. ఒడంబడిక చేసినవాడు నలగామరాజు. దానిని నిలుపవలసినవాడును అతడే. మంత్రి చెడ్డ సలహా ఇచ్చినను, వినుటయు మానుటయు రాజు వశమున నున్నవి.

ఇంకొక ప్రశ్నయు కలదు. రాజ్యమును కోడిపందెమున ఒడ్డుటకు ఇరుపక్షములలో ఎవరికైనను అధికారమున్నదా? ఆ పొలములు దున్నిన రైతులను, ఆ పశువులను మేపిన గొల్లలను ఎవరును అడుగలేదు. ప్రజల బ్రదుకు పాలకుని చేతిలో ఉంచిన ధరావతు వంటిది. దానిని పందెములో పెట్టినప్పుడే తొలి విశ్వాసభంగము జరిగినది. కోడి గెలుచుటలో మోసము జరిగినదా లేదా అన్నది అటుపిమ్మటి మాట. నేటికిని ప్రజల సొమ్ము, ప్రజల భూమి, ప్రజల ఆరోగ్యము వంటివానిపై నిర్ణయము చేయువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదే: ఇది ఎవరిది? దీనిని ఒడ్డుటకు నాకు హక్కున్నదా?

విశ్వాసము చెడుటను గూర్చి చెప్పినప్పుడు, అది ఎట్లు నిలిచినదో కూడ చెప్పవలెను. పల్నాటి యుద్ధము జరిగి సుమారు 60 ఏండ్లు గడచిన పిదప, అదే ఆంధ్రదేశమున, సముద్రతీరమునగల మోటుపల్లిలో ఒక శాసనము వెలసినది. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో నున్నది. ఆ కాలమున అది గొప్ప రేవు. 1244వ సంవత్సర ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు అచ్చట రాతికంబముపై అభయశాసనము చెక్కించెను. అంతకుముందు ఒక దురాచారముండెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును రాజులు బలవంతముగా తీసికొనెడివారు. ఆపదలో నున్నవానిని దోచుకొనుట అప్పటికి చెల్లుబడియైన వాడుక. గణపతిదేవుడు ఆ వాడుకను విడిచిపెట్టుచు, ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులనుండి నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని మాటయిచ్చెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు.

ఇందు గమనింపదగినవి రెండు. మొదటిది, రాజు తన బలమునకు తానే హద్దు వేసికొనెను. రెండవది, ఆ హద్దును తన మనస్సులో ఉంచుకొనక, చదువనేర్చిన ప్రతివాడును చూచునట్లు రేవులో రాతిపై వ్రాయించెను. రాసిన మాటను తప్పినచో లోకము వ్రేలు పెట్టి చూపగలదు. ఆ శతాబ్దము చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి ప్రాంతమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాణి న్యాయపాలనను మెచ్చుకొనెను. గణపతిదేవుని కుమార్తెయైన రుద్రమదేవియే ఆ రాణి యని చరిత్రకారుల అభిప్రాయము.

ఓడల కాలము పోయినను, దూరదేశములతో వర్తకము నేటికిని విశ్వాసముపైననే నడచుచున్నది. గుంటూరు సీమ మిరప దేశదేశములకు పోవును. 2003వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమువారు, భారతదేశమునుండి వచ్చిన మిరప సరుకులో సూడాన్-1 అను కృత్రిమమైన ఎరుపురంగును కనిపెట్టిరి. ఇది మైనమునకు, నూనెలకు, బూటుపాలిషునకు వేయు రంగు. క్యాన్సరు కలిగించునను భయముచేత దీనిని ఆహారమున వాడరాదని నిషేధించియున్నారు. వెంటనే ఐరోపా సమాఖ్య, ఇట్టి రంగు లేదను పరీక్షాపత్రము లేని మిరప సరుకును రానీయకూడదని శాసించినది. భారత సుగంధద్రవ్యముల బోర్డు ఆ సంవత్సరముననే ఎగుమతికి ముందు పరీక్షను తప్పనిసరి చేసినది. 2005వ సంవత్సరమున బ్రిటనులో, ఈ రంగు కలిసిన మిరపపొడితో చేసిన ఒక చట్నీరసము కారణముగా 400కు పైగా ఆహారవస్తువులను అంగళ్ళనుండి తొలగింపవలసి వచ్చినది.

రంగు కలిపినవారు కొందరు. పరీక్షకు నిలువవలసి వచ్చినది అందరి సరుకును. ఎండలో కాయ కోసి, కల్లములో ఆరబెట్టి, తాలుకాయ ఏరి, మంచి కాయను అమ్మిన రైతు ఏ తప్పును చేయలేదు. అయినను అతని కాయకు సహజముగా గల ఎరుపును సైతము కొనువాడు అనుమానముతో చూచుట మొదలిడెను. వంచకుడు దొంగిలించునది ఎదుటివాని ధనము మాత్రమే కాదు. నిజాయితీపరుని మాటకు గల విలువను కూడ. ఈ రెండవ దొంగతనమునకు ఏ న్యాయస్థానమును పూర్తిగా పరిహారము ఇప్పింపజాలదు.

అట్లయిన దీనికి మందేమి? ఎవరిని నమ్మకుండుట మందు కాదు. అందరును మోసగాండ్రే యని తలచువాడు మోసగానికి మేలు చేయుచున్నాడు. ఏలయన, అప్పుడు మంచివానికిని చెడ్డవానికిని తేడా కనబడదు. నమ్మకమునకు ఆధారము కల్పించుటయే సరియైన మార్గము. మన పూర్వులు దీనిని ఎరుగుదురు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, అధికారులు రాజధనమును అపహరించు విధములు 40 కలవని లెక్కించి, వానిని కనిపెట్టు ఉపాయములు చెప్పెను. దొంగ తూనికలకు, దొంగ కొలతలకు శిక్షలు విధించెను. స్వతంత్రభారతమున 1956వ సంవత్సరపు చట్టముచే దేశమంతటికిని ఒకే రీతి తూనికలు, కొలతలు ఏర్పడినవి. అంతకుముందు సీమకొక మణుగు, ఊరికొక కుంచము ఉండుటచేత, తెలియనివానిని మోసగించుట సులభమై యుండెను. అధికారులు ముద్రవేసిన రాయి గుండు వచ్చిన పిదప, చదువురాని రైతును తూకమును ప్రశ్నింపగలిగెను.

ప్రభుత్వ వ్యవహారములకును ఇట్టి ముద్రలు కలవు. ప్రభుత్వపు ఖర్చులను తనిఖీ చేయుటకు రాజ్యాంగము ప్రత్యేకమైన అధికారిని నియమించినది. 2005వ సంవత్సరమున వచ్చిన సమాచారహక్కు చట్టముచే, సామాన్య పౌరుడును ప్రభుత్వ కార్యాలయమునకు అర్జీ పెట్టి, లెక్కలను, నిర్ణయములను తెలుపుమని అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలోపల సమాధానమీయవలెను. మోటుపల్లి కంబముపై రాజు తానై వ్రాయించిన మాటను ప్రజలు చదివిరి. నేడు వ్రాయించుమని ప్రజలే అడుగగలరు. ఇది గొప్ప మార్పు. కాని అడుగువారు లేనిచో చట్టము బీరువాలోని కాగితమే యగును. రాయి గుండుపై ముద్ర ఉన్నదో లేదో చూచు కన్ను కూడ ఉండవలెను.

ప్రతి సంవత్సరము కార్తికమాసమున అమావాస్యనాడు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు ప్రారంభమగును. అవి ఐదు దినములు సాగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. పల్నాటి ఊళ్ళనుండియేగాక దూరప్రాంతములనుండియు జనులు వచ్చి, వీరుల ఆయుధములను పూజింతురు. ఎనిమిదివందల సంవత్సరములకు పైబడినను జనులు ఆ రాయబారమును, ఆ కోడిపోరును మరువలేదు. ఏడేండ్ల రాజ్యమునకై చేసిన వంచన ఎనిమిదివందల ఏండ్ల అపకీర్తిగా మిగిలినది. మాటకు కట్టుబడి ఇల్లు విడిచిపోయినవారి పేరును అట్లే మిగిలినది.

పాఠశాలలోని ఆటస్థలమున సైతము ఇట్టి పరీక్షలు కలుగుచుండును. బంతి గీత దాటినది తానొక్కడే చూచిన బాలుడు నిజము చెప్పవలసి యుండును. తరగతి చందా లెక్కను ఉంచిన బాలిక, ఎవరడుగకున్నను ఆ లెక్కను గోడపై అంటింపవలసి యుండును. అవి చిన్న పనులుగా కనబడవచ్చును. కాని రేపు కాటా పట్టువారును, ఓట్లు లెక్కించువారును, ఒడంబడికలపై సంతకము చేయువారును నేటి బాలబాలికలే. పిడుగురాళ్ళ బట్టీలలో రాయి ఒక్క గడియలో సున్నము కాదు. రేయింబవళ్ళు మంట నిలిపినగాని కాలదు. సరిగా కాలని రాయిని గచ్చులో కలిపినచో, గోడ కట్టిననాడు ఆ లోపము కనబడకపోవచ్చును. వానలు వచ్చినప్పుడు గోడయే దానిని బయటపెట్టును.